అర మిల్లీమీటరు

హోసూరు
గురువారం

నాయనా,

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు షెడ్డు మూసేస్తానన్నావని అమ్మ చెప్పింది. నాగేశప్ప ట్రాక్టరు ఇంజను మూడుసార్లు విప్పి బిగించినా కొట్టుకుంటూనే ఉందట. "నా కండ్లు పోయినాయి పిల్లమ్మా, ఇంక స్పానర్ పట్టను" అని అమ్మతో అన్నావట.

నీ కళ్లు పోలేదు. తప్పు నాది.

ఆ ఇంజను బ్లాకును మా రీబోరింగ్ షాపుకు పంపావు కదా, దాని పైముఖం మీద నీటి రంధ్రాల చుట్టూ తుప్పు గుంటలున్నాయి. అవి పోయేదాకా గ్రైండింగ్ చేశాను. అర మిల్లీమీటరు పోయింది. బ్లాకు ఎత్తు ఎంత తగ్గితే పిస్టన్ అంత పైకి పొడుచుకొస్తుంది, గాలి అణిగే చోటు తగ్గిపోతుంది. పదిహేడు ఉండాల్సిన కంప్రెషన్ రేషియో పద్దెనిమిది దాటింది. అందుకే ఇంజను కొట్టుకుంటోంది. ఎంత కోశామో ఆ అంకెను బ్లాకు మీద పంచ్ కొట్టాలి. నేను కొట్టలేదు. షాపులో పదకొండు మందిమి, ఆడదాన్ని నేనొక్కదాన్నే. అంత కోశానంటే మేస్త్రి ఏమంటాడోనని భయం. ఈరోజు ఆయనకూ చెప్పేశాను. "ఆ పొద్దే చెప్పింటే పొట్టి పిస్టన్ ఎయ్యమనుందుము కదమ్మా" అన్నాడు. అంతే.

షెడ్డు మూయొద్దు.

నీ కూతురు
సుధామణి

రాయకోట
ఆదివారం

అమ్మా మణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, హెడ్ విప్పి, పిస్టన్ ఎత్తు కొలిచే డయల్ గేజ్ పెట్టాను. నువ్వు రాసిన లెక్కే. పిన్ను నుంచి తలదాకా అర మిల్లీమీటరు పొట్టిగా ఉండే పిస్టన్లు కృష్ణగిరిలో దొరికాయి. వేశాను. నాగేశప్ప ఇంజను చప్పుడు కాసేపు విని, "ఏమప్పా అంకప్పా, ట్రాక్టరిచ్చినావా, కుట్టు మిషనిచ్చినావా?" అన్నాడు.

నీకు తెలియనిది ఒకటుంది. ముప్పై ఏళ్లలో, ఏ షాపు నుంచి వచ్చిన బ్లాకయినా పిస్టన్ ఎత్తు కొలవకుండా నేను హెడ్ బిగించలేదు. దీనికొక్కదానికే కొలవలేదు. మూడుసార్లు విప్పి డీజిల్ పంపు చూశాను, ఇంజెక్టర్లు చూశాను, బేరింగులు చూశాను. గేజ్ మాత్రం తీయలేదు. "మా మణి కోసింది, కొలిచేదేముందప్పా" అని నాగేశప్పతో గొప్పలు కూడా పోయాను.

షెడ్డు తీసే ఉంది. రేపు ఇంకో బ్లాకు పంపుతున్నాను, నువ్వే కొయ్యి. తిరిగొచ్చాక మాత్రం కొలుస్తాను. కోపం తెచ్చుకోకు.

మీ నాయన
అంకప్ప