అడగకుండా పెట్టిన బొట్టు

గోథెన్‌బర్గ్, స్వీడన్

ప్రభుదాసన్నకు చెల్లెలు సువార్త వందనాలు. మేడ్చల్‌లో నువ్వు, వదిన, పిల్లలు బాగున్నారని నమ్ముతున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను క్షేమమే గానీ ఒళ్ళు మండిపోతోంది, ముందే చెప్తున్నాను. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. ఉత్తరమైతే చింపడానికైనా చేతిలోకి తీసుకోవాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. మధ్యాహ్నానికే చీకటి. పొద్దున బడి వంటగదిలో గిన్నెలు కడగడం, సాయంత్రం లినియాతో పాట. తిండికి లోటు లేదు, కానీ వీళ్ళు చేపల్లో కూడా చక్కెర వేస్తారు, ఏం చెప్పను. పచ్చిపులుసు చేసుకుని తింటున్నాను. బాగానే ఉన్నాను, బెంగపడకు.

లినియా తెలుసు కదా, నాతో పాటు గిన్నెలు కడిగిన పిల్ల. తను స్వీడిష్‌లో, నేను తెలుగులో ర్యాప్ చేస్తాం. మా మొదటి పాటలో మోగేది నువ్వు శామీర్‌పేట చర్చిలో వాయించి ఫోన్‌లో పంపిన డోలకే. డోలక్ ఎత్తే ముందు నువ్వనే "ఇగ జూడు" మా జంటకు పేరైంది. లినియా దాన్ని "ఇగ యూడు" అంటుంది, వీళ్ళకు జ పలకదు. మనుషుల కంటే కుర్చీలు ఎక్కువున్న హాల్లో మొదలుపెట్టాం. రైళ్ళలో ఊరూరా తిరిగి పాడాం. చివరికి ఒక కంపెనీ ఆల్బం తీస్తానంది.

వాళ్ళే మాకు ఫొటోలు తీశారు. పోస్టర్ బయటికొచ్చాక చూస్తే నా నుదుటిన ఎర్రటి బొట్టు, ఇంత పెద్దది. నేను పెట్టుకోలేదన్నా. కంప్యూటర్‌లో అద్దారు. ఇదేంటని అడిగితే, ఇండియా అమ్మాయంటే జనం అలాగే గుర్తుపడతారట. బొట్టంటే నాకు కోపం లేదు. మన పక్కింటి రాజేశ్వరక్క పెట్టుకుంటే ఎంత కళగా ఉండేదో. కానీ నా ముఖం మీద నన్ను అడగకుండా పెట్టడమేంటి? తీసేదాకా స్టేజీ ఎక్కనన్నాను. ఎక్కకపోతే ఆల్బం ఆపేస్తామన్నారు.

ఆ పోస్టర్ పాస్టరమ్మ ఫోన్‌లోకి వచ్చిందని, మన విశ్వాసుల పిల్లకు బొట్టేంటని ఆమె చర్చి ముందు నిన్ను నిలదీసిందని వదిన చెప్పింది. నువ్వేమన్నావో కూడా చెప్పింది. "గా దేశం పోయినంక మా సెల్లె మారిపోయిందమ్మా. ఇగ నాతోని ఏం గాదు" అన్నావట. కంపెనీ వాళ్ళు పరాయివాళ్ళు, అడగలేదు. నువ్వెందుకు అడగలేదు? ఆ మాటకు నాకెంత ఏడుపొచ్చిందో, ఎంత కోపమొచ్చిందో రాయడం చేతకావట్లేదు.

నిన్న మమ్మల్ని కంపెనీకి పిలిచారు. లినియా నోరు విప్పదనుకున్నాను, దాని ఆశంతా ఆ ఆల్బం మీదే. అది లేచి, బొట్టు తీస్తేనే తనూ పాడతానని చెప్పి, నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఇక ఆల్బం ఉంటుందో లేదో తెలియదు. బస్టాపులో నిలబడ్డాక నెమ్మదిగా అడిగింది, అది నువ్వు పెట్టుకున్నది కాదని మీ ఇంట్లో వాళ్ళకైనా తెలుసు కదా అని. తెలుసన్నాను. అబద్ధం చెప్పాను.

పాట అయ్యాక ఏ ఊళ్ళోనైనా ఆ డోలక్ ఎవరిదని అడుగుతారు. మా అన్నదని మైకులో నీ పేరు చెప్తాను. నువ్వు ఒక్క పాస్టరమ్మ ముందు నా పక్షాన ఒక్క మాట చెప్పలేకపోయావు.

పెద్దలందరికీ నా వందనాలు, పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను మరచిపోకండి. వదినతో చెప్పి చింతపండు పంపించు, కోపం తగ్గిందనుకోకు. ఈ ఆదివారం చర్చికి వెళ్ళినప్పుడు పాస్టరమ్మకు చెప్పు, అది మా చెల్లె పెట్టుకున్నది కాదని. లినియాకు నేను చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యి.

కోపంగానే, అయినా నీ చెల్లెలు,
సువార్త