మొదటి క్యాంపస్ నీ వరండాయేనట

దానియేలప్పా, తప్పంతా నీదే. చర్చి వరండాలో హమాలీల పిల్లలకు ఊరికే పాఠాలు చెప్పి, ఒక బోర్డైనా కట్టుకోకుండా చచ్చిపోతే ఇట్లాగే అవుతుంది.

ఇనుప ఖనిజం లారీల సావుకారు యూనివర్సిటీ పెట్టాడు. నిన్న కప్పగల్లు దారిలో మూడో క్యాంపస్ తెరిచారు. కొత్త లారీకైతే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. లైబ్రరీకి చక్రాలు లేవు కాబట్టి స్తంభాల ముందు పెట్టారు. అవి ఎంతకీ నలగకపోతే సావుకారే కాలితో తొక్కాడు. రెండో క్యాంపస్ కౌల్ బజార్‌లో టైర్ల అంగడి మీద ఉంది. మొదటిది, వాళ్లు అచ్చేసిన చరిత్ర ప్రకారం, నీ వరండా! నీ ఫోటోకు దండేసి, బొట్టు కూడా పెట్టారు.

"ఇది పచ్చి అబద్ధం కదా," అని నీ పాత విద్యార్థిగా సావుకారును నిలదీశాను.

"అబద్ధం యాడుండాదప్పా? మాకు పాత చరిత్ర కావాల, ఈ ఫోటోలో ఆయప్పకు కొత్త బిల్డింగ్ కావాల. ఇద్దరికీ సరిపాయ," అన్నాడు సావుకారు.

నువ్వుంటే ఆ బొట్టు తుడుచుకుని నవ్వేవాడివి. నాకు నవ్వు రాలేదు. అందుకే వాళ్ల చరిత్రను అక్షరాలా ఒప్పేసుకున్నాను. మొదటి క్యాంపస్ ఎట్లా నడిచిందో మిగతావీ అట్లాగే నడవాలని గేటు ముందు కూర్చున్నాను. నా డిమాండ్లు ఇవి:

మొదటి క్యాంపస్‌లో ఫీజు లేదు, మిగతా వాటిలోనూ ఉండకూడదు.
హమాలీల పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టాలి.
విరామంలో అందరికీ బెల్లం టీ ఇవ్వాలి.
ఎదురు ప్రశ్న వేసిన పిల్లను బయటికి పంపకూడదు.