నాన్న రైఫిల్‌కు తూటాలు

నెగానీ, మిషిగన్
అక్టోబర్ 29

చిరంజీవి ఉర్హోకు,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసానే. సరస్సు మీద గాలులు మొదలయ్యాయి కదా, మీ ఓడ ఎలా ఉందోనని దిగులుగా ఉంది. బంగాళదుంపలు తవ్వేశాం. మొదటి మంచు పడి కరిగింది.

వేట మొదలయ్యే రోజుకు సెలవు ఖాయమైందని రాశావు, సంతోషం. నాన్న పాత సెమీ ఆటోమేటిక్‌కు నేను ఇంట్లో తయారుచేసే తూటాల్లో ఈసారి తేలిక గుండు పెట్టమన్నావు. వద్దురా. మన దేవదారు చిత్తడి అడవిలో దుప్పి కనిపించేదే దగ్గర్లో. అంత దగ్గర్లో వేగంగా పోయే గుండు భుజం ఎముకకు తగిలి చిట్లిపోతుంది, మాంసమంతా పాడవుతుంది. నూట ఎనభై గ్రెయిన్ల బరువున్న మొద్దుముక్కు గుండే మంచిది.

తూటాలో దట్టించే మందు సంగతీ అడిగావు. నెమ్మదిగా కాలే మందు ఆ తుపాకీకి పడదు. తూటాను గొట్టంలోకి తోసే బోల్టును మరీ విసురుగా వెనక్కి తంతుంది. పక్కింటి వీక్కో మావ వింటేగా!

"ఇంకాస్త మందు దట్టించవే లెంపీ, దెబ్బకు దుప్పి కూలిపోవాలి!"

"దుప్పి సంగతేమో గానీ, ముందు తుపాకీ కూలుతుంది మావా."

"మీ నాన్న కంటే పిసినారివే నువ్వు!"

పోయిన శనివారం కొత్త తూటాలు పరీక్షిద్దామని ఇద్దరం కంకర గోతికి వెళ్లాం. మావ గురికాగితం అంటించి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తుపాకీని ఇసుకగట్టు వైపు తిప్పి బోల్టు వదిలాను. వేలు ట్రిగ్గర్ దగ్గరే లేదు. తుపాకీ దానంతటదే పేలింది.

"నన్నే దుప్పి అనుకున్నావేంటే?" అన్నాడు మావ. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అక్కడే రాయి మీద కూలబడ్డాడు. సిగరెట్ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తప్పు తుపాకీది కాదు తమ్ముడూ. ఇంటికొచ్చి మిగిలిన తూటాల అడుగుభాగం బొటనవేలితో తడిమి చూశాను. నిప్పు రగిల్చే చిన్న టోపీ లోపలికి పూర్తిగా దిగాలి కదా, కొన్నింటికి పైకి పొడుచుకుని ఉంది. మూసుకునే బోల్టు దానికి కొట్టుకుంటే చాలు, తూటా పేలుతుంది. వేలికి తెలిసింది, కంటికి తెలియలేదు.

వసంతం నుంచి నా కుడికన్ను మసకబారుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తూటాల పని నా చేతిలోంచి పోతుందనుకున్నాను. మావ గురికాగితం అంటిస్తున్నప్పుడే బోల్టు వదిలి ఉంటే? అన్నం దగ్గర కూర్చున్నా అదే గుర్తొస్తోంది.

తూటాలన్నీ విప్పేసి మందు పారబోశాను. నీకు దుకాణంలో అమ్మే తూటాల పెట్టె కొనిపెట్టాను, గుండు అదే బరువు. తుపాకీని ఒకసారి బాగుచేసేవాడికి చూపించాకే వాడు.

మార్కెట్‌లో డాక్టరమ్మ శుక్లం అంది, కోసి తీసేస్తుందట. మార్కెట్ అంటే సంత కాదు, మన ఊరి పక్క పట్నమే, మరిచిపోయావేమో అని! ఎంత వేళాకోళమాడినా భయం పోవడం లేదురా. ఆపరేషన్ సరిగ్గా వేట మొదలయ్యే రోజునే పడింది. నువ్వు అడవికి వెళ్లు, మావ నాకు తోడొస్తానన్నాడు.

లేదు, ఆ మాట కొట్టేస్తున్నాను. తొలిరోజు వేట మానుకోమని మన ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. నేను అడుగుతున్నాను. నువ్వే రా.

ఇట్లు,
నీ రాకకోసం చూస్తూ,
నీ అక్క లెంపీ