సగంలో చెప్పిన సాక్ష్యం

వట్లూరు,
14 నవంబరు 2024, గురువారం.

నాన్నగారికి,

ఈరోజు పొద్దున్న తలుపు తీసేసరికి పాస్టరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మనం ప్రార్థనకి పిలవకుండా ఆయన మనింటికి రావడం ఇదే మొదటిసారి. మీకూ, మీరు పనిచేసే చేపల చెరువు కౌలుదారు గంగరాజు గారికీ వందనాలు. సోమవారం నుంచి మీ ఫోన్ స్విచాఫ్. గంగరాజు గారి ఫోన్‌కి చేస్తే మీరు మాట్లాడనన్నారట. అందుకే ఈ ఉత్తరం సాయంత్రం చేపల మేత వ్యాన్‌లో పెదపాడు పంపుతున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. అలా రాయడం అలవాటు. నాకు ఏడుపు రావట్లేదు, భయమూ వెయ్యట్లేదు. కాలేజీకి వెళ్తున్నాను, వస్తున్నాను. మొన్న తెలుగు మేడం నిర్లిప్తత అనే మాట చెప్పారు. ఎంత బాగుందో అనుకుని రాసుకున్నాను. దాని అర్థం మాత్రం ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

పాస్టరుగారు మంచినీళ్ళు కూడా తాగలేదు. తప్పు తనదేనన్నారు. ఇంకా రెండు కీమోలు ఉన్నాయండీ అని మీరు చెబుతున్నా వినకుండా, నొప్పి తగ్గింది, చేపల పులుసు తింటున్నావు, ఇంకేం కావాలయ్యా, ఈ ఆదివారమే సాక్ష్యం చెప్పు అని పట్టుబట్టారట. మీరు సంఘం ముందు నిలబడి, దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడు అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడే కీమో. మీరు ఆస్పత్రికి వెళ్ళకుండా చెరువు గట్టుకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆస్పత్రి మెట్లెక్కితే చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోతుందనీ, దేవుణ్ణి నవ్వులపాలు చేసినట్టవుతుందనీ అమ్మతో అన్నారట.

అమ్మ ఏమందో తెలుసా? చెరువులో చేపలకి జబ్బు చేస్తే, మేత ముట్టాయి కదా అని మందు సగంలో ఆపేస్తారా, గంగరాజు గారు ఊరుకుంటారా, ఈయన కడుపు ఆ చేపలపాటి చెయ్యదా అంది. అనేసి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరమ్మ మొదటి రోజు చెప్పింది గుర్తుందా నాన్నా? కడుపులో వచ్చే కేన్సర్లన్నీ ఒకటి కాదు, ఈ లింఫోమా మందులకి బాగా లొంగుతుంది, ఆపరేషన్ లేకుండానే చాలామంది బాగై ఏళ్ళ తరబడి బతుకుతున్నారు, కాకపోతే కోర్సు మధ్యలో వదలకూడదు అంది. మీరు సరేనండీ అని తలూపారు.

పాస్టరుగారు వచ్చే ఆదివారం తనే లేచి, శామ్యూల్ సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదు, తొందరపెట్టింది నేను, మిగతాది వైద్యం అయ్యాక చెబుతాడు అని సంఘానికి చెబుతారట. మందూ దేవుడిచ్చిందేనని మీకు చెప్పమన్నారు. చెప్పాను.

మీ కూతురు,
శాలిని

తా.క. పాస్టరుగారు వెళ్ళాక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పోయిన వారం కెమెరా పరీక్షలో తీసిన ముక్క రిపోర్టు గురించి. కడుపులో పుండు చాలా మానింది కానీ జబ్బు ఇంకా ఉందట. ఇప్పుడే వస్తే మిగతా మందు పనిచేస్తుందన్నారు, ఆలస్యమైతే చెప్పలేమన్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ముందు మీకే రాస్తున్నాను. రేపు పొద్దున్న మేత వ్యాన్ ఎక్కి నేనే గట్టు దగ్గరికి వస్తాను. అటు నుంచి అటే ఏలూరు ఆస్పత్రికి. కీమోకి ముందు ఏదైనా తినాలన్నారు, ఇడ్లీ తెస్తాను. మీరు చొక్కా మార్చుకుని ఉండండి.