డాల్డా డబ్బాలో నడక

మొయినాబాద్

ప్రియమైన అక్కకు,

ఫోన్‌లో చెప్పలేకపోయాను, అందుకే ఈ వయసులో ఉత్తరం. రోడ్డు వెడల్పులో చేవెళ్లలోని బాపు ఫోటో దుకాణం ముందుగోడ పోతోందని, సామాను సర్దుతుంటే అటక మీద ఆయన చేసిన డాల్డా డబ్బా బొమ్మ దొరికిందని నీ మనవరాలు హర్షిత సంబరంగా చెప్పింది. ఆదివారం అందరి ముందూ తిప్పుతుందట. ఆలోపే దాన్ని కాల్చెయ్యి అక్కా.

సినిమా పుట్టకముందు ఎవరో దొర పరుగెత్తే గుర్రాన్ని వరసగా ఫోటోలు తీసి, దాని కాళ్లు ఎట్లా లేస్తాయో కనిపెట్టాడని బాపు బేరాలు వదిలేసి మరీ చెప్పేవాడు కదా! ఆ పిచ్చితోనే నా ఐదో ఏట నా నడకను తీశాడు. "ఒక అడుగెయ్యి బిడ్డా. ఆగు, కదలకు" అంటూ అడుగడుగుకూ ఒక ఫోటో. ఆ వానాకాలమే అమ్మ జ్వరంతో పోయింది. చాన్నాళ్లకు బాపు డబ్బాకు సన్నని చీలికలు కోసి, లోపల ఆ ఫోటోలు అతికించి, గిర్రున తిప్పి చీలికల్లోంచి చూడమన్నాడు. చుట్టూ పిల్లలం ఎగబడ్డాం. బొమ్మలో నేను నడుస్తున్నాను. కానీ ప్రతి చుట్టులో ఒకచోట నా అడుగు తడబడింది.

"ఉష కుంటుతున్నది సూడుండ్రి" అన్నాడు జ్ఞానేశ్వర్ బావ. అందరూ నవ్వారు. వెళ్లి గోడ మీది అమ్మ పటం ముందు నిలబడ్డాను. అమ్మ కూడా నా వైపు చూడలేదు. ఆ పటంలో ఆమె చూపు ఎప్పుడూ కింది మూలకే.

నా కాలికేమీ లేదని డాక్టర్లు చెప్పినా నేను నమ్మలేదు. పెళ్లిలో ఏడడుగులు కూడా తల వంచుకొని, పాదాలు చూసుకుంటూనే వేశాను. బాపు నా కుంటితనాన్ని ఆటబొమ్మ చేశాడన్న బాధ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నీ చెల్లె,
ఉషశ్రీ

చేవెళ్ల

చెల్లె ఉషకు, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. పిచ్చిదానా, ఇన్నేళ్లు ఒక్కదానివే మోశావా?

నువ్వు చెప్పినట్టే కాల్చేద్దామనుకున్నాను. ఈలోగా గోడ కూలుస్తారని అమ్మ పటం దించితే, వెనక అట్ట ఊడిపోయి చిన్న ఫోటో ఒకటి జారిపడింది. అందులో నువ్వు ఒంటికాలు మీద నిలబడి తూలుతున్నావు. నీ భుజం పట్టుకొని, వంగి, అమ్మ. మన గోడ మీది పటం దాంట్లోంచి పెద్దది చేయించిందే. నిన్ను వదిలేసి ఆమె మొహం వరకే తీసుకున్నారు. అమ్మ చూసింది ఏ మూలకో కాదు చెల్లె, నిన్నే.

హర్షిత చూడగానే పట్టేసింది. "అమ్మమ్మా, డబ్బాల తక్కువైన ఫోటో గిదే" అన్నది. పాత అతుకు విప్పి దాన్ని మధ్యలో పెట్టి తిప్పింది. నువ్వు చక్కగా నడిచావు, ఎక్కడా తడబాటు లేదు. కాకపోతే తిప్పినప్పుడల్లా అమ్మ వస్తోంది, వెంటనే మాయమవుతోంది. బాపు ఆ ఒక్క ఫోటో ఎందుకు తీసేశాడో నాకప్పుడు అర్థమైంది. మళ్లీ మళ్లీ ఆమె పోవడం ఆయన చూడలేకపోయాడు.

డబ్బా కాల్చలేదు. ఆదివారం వచ్చి నీ చేత్తో నువ్వే తిప్పు. రెప్ప మాత్రం వేయకు, అమ్మ ఉండేది ఒక్క అడుగుసేపే.

నీ అక్క,
కన్యకాపరమేశ్వరి