బొమ్మకు చెవిపోటు

1978 జూలై 14, శుక్రవారం, ఉదయం ఎనిమిది గంటలు. ఇంట్లో ఉన్నది నేనూ, నీ కూతురు రూతూ.

దీనమ్మా,

చల్లపల్లి నుంచి రాగానే ఇంట్లో ఎవరూ లేరని కంగారుపడవద్దు. రూతును చెవి డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్తున్నాను. అన్నం వండవద్దు, పక్కింటి నూర్ బీ గారు పంపుతామన్నారు. దిండు గలీబు మాత్రం ఉతకవద్దు. దాని మీది చీము మరకను నీవు చూడాలి.

మూడు రోజులుగా కుటుంబ ప్రార్థనలో రూతు, "ప్రభువా, నా బొమ్మకి చెవిపోటు తగ్గించు" అంటోంది. ప్రాణం లేని వస్తువుల కోసం ప్రార్థించడం తగదని మూడుసార్లూ సరిదిద్దాను. ఇంత చదువూ చదివి, ఆ పోటు బొమ్మది కాదని ఈ ఉదయం దిండు చూసేదాకా గ్రహించలేకపోయాను.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"చెప్తే మీరు వెల్లుల్లి నూనె కాచి పోస్తారుగా మావయ్యా! దేవుడైతే పొయ్యడు" అంది.

ఆ నూనె నాకు నేర్పింది నీవే. ఏడవకుండా ఉంటే బంగారు తల్లివని దానికి చెప్పి వెళ్ళిందీ నీవే. ఇకమీదట ఆ రెండూ ఈ ఇంట్లో వద్దు.

రిక్షా వచ్చింది. నేను గడప దాటి ఎన్నాళ్ళయిందో దానికీ తెలుసు. "బజారు దారి మీకు తెలుసా మావయ్యా?" అంటోంది. తెలుసన్నాను. అయినా నా చెయ్యి అదే పట్టుకుంది.

ఇంటికి రాగానే నీవు ముందు తీసేది టీపొడి డబ్బా గనుక, సంతకం చేసి, మడిచి, అందులో పెడుతున్నాను.

రత్నరాజు

మడవబోతుండగా రూతు గట్టిగా ఏడుపు అందుకుంది. ఆపమనలేదు.