తలుపు ఎంతవరకు తెరిచారు?

ప్రియమైన కరెంటమ్మకు,

బస్సుల ఫ్యాక్టరీలో వైరింగు చేస్తానని వెళ్ళి, అక్కడివాళ్ళందరినీ హడలెత్తిస్తున్నావట. సంతోషం. ఇక్కడ నీ ముద్దుల పాత కారు నన్ను హడలెత్తిస్తోంది. డ్రైవరు తలుపుకి తాళం తిప్పితే నాలుగు తలుపుల లాకులూ టక్కున పడాలి కదా? ఈమధ్య నా తలుపుది ఒక్కటే పడుతోంది. మిగతా మూడూ బుద్ధి పుడితే పడతాయి, లేకపోతే లేదు. నిన్న ఓ పెళ్ళికొడుకు సూటు వెనక సీట్లో పెట్టి, తాళం పడిందనుకుని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వీధి పిల్లలు లోపల కూర్చుని బస్సాట ఆడుకుంటున్నారు. సూటు మీద ఎవరూ కూర్చోలేదు, బతికిపోయాను.

ఫోనులో చెప్తే సగం మర్చిపోతాను. ఏం చెయ్యాలో రాసి పంపు. తలుపు అంచు షెడ్డు గోడకి తగిలి కాస్త రంగు లేచింది, తిట్టకు. మేడ మీద ఫ్యాను చప్పుడు చేస్తోందని మంచం కిందికి దింపించాను. మిషను పని తగ్గించి కాజాలు, చేతికుట్టు పట్టుకున్నాను. మిగతా అంతా కులాసా. ఫోర్మన్ పదవి ఖాయమయ్యేదాకా అక్కడినుంచి కదలకు.

నీ దర్జీ

ప్రియమైన శ్రీవారికి,

తలుపుని గోడకి కొట్టిన చేతులు నా పనిముట్ల పెట్టె తెరవబోతున్నాయంటే గుండె గుభేలుమంది. అయినా ధైర్యం చేసి రాస్తున్నాను.

ముందు స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె తెరవండి. లాకుల ఫ్యూజు కాలిందేమో చూడండి. అది బాగుంటే పక్క సీటు తలుపు లాకు గుండీ నొక్కండి. దానితో అన్నీ పడితే లాకులు వేసే లోపలి మోటార్లు బాగున్నట్టే, కరెంటూ వస్తున్నట్టే. కొత్త మోటార్లు వెయ్యాలని ఏ మెకానిక్ చెప్పినా వినకండి. తప్పెక్కడుందో తెలుసుకోకుండా సామాన్లు మార్చుకుంటూ పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అప్పటికీ దారికి రాకపోతే సెలవు పెట్టి నేనే వస్తాను.

మీ కరెంటమ్మ

ప్రియమైన కరెంటమ్మకు,

సెలవు మాట ఎత్తకు. ఇప్పుడు సెలవడిగితే ఫోర్మన్ జాబితాలోంచి పేరు కొట్టేస్తానని మీ ఫ్యాక్టరీ పెద్దాయన అన్నాడని ఇదివరకు నువ్వే రాశావు. ఎన్నేళ్ళ కలో నాకు తెలియదా?

ఫ్యూజు నిక్షేపంలా ఉంది. పక్క సీటు గుండీ నొక్కితే అన్ని తలుపులూ పడుతున్నాయి. వింతేమిటంటే, పక్కింటి టాక్సీ డ్రైవరు ఎక్కి దిగి తాళం వేస్తే ప్రతిసారీ నాలుగూ పడుతున్నాయి. నేను ఎక్కి దిగితేనే ఈ వేషాలు. "మీ ఆవిడ లేదని మీమీద అలిగింది సార్" అని నవ్వుతున్నాడు.

నీ దర్జీ

ప్రియమైన శ్రీవారికి,

కార్లు అలగవు. ఆయన చేసేదానికీ మీరు చేసేదానికీ ఏదో తేడా ఉంది, అంతే. దాన్ని పట్టుకుందాం.

డ్రైవరు తలుపు లోపలి అట్ట ఊడదీయండి. నా టెస్టు లైటు క్లిప్పు ఒట్టి ఇనుముకి తగిలించి, సూదిమొన లాకుకి వెళ్ళే ఎర్రవైరుకి గుచ్చండి. లైటు వెలుగుతుంది. అప్పుడు తలుపు మెల్లగా తెరుస్తూ పోండి. ఎంతవరకు తెరిస్తే ఆరిందో నాకు రాయండి. తలుపుకీ కారుకీ మధ్య రబ్బరు గొట్టంలో ఆ వైర్లు తెరిచినప్పుడల్లా వంగుతాయి. బట్ట మడత దగ్గరే చివుకుతుందని మీకు నేను చెప్పాలా? తెగి ఉంటే అతికి, టేపు చుట్టండి. నేను కొత్త వైరు వేసేదాకా తలుపు సగమే తెరవండి.

మీ కరెంటమ్మ

ప్రియమైన కరెంటమ్మకు,

దొరికింది! సగం వరకు లైటు వెలిగింది. గోడకి తగిలేదాకా తోస్తే ఆరిపోయింది. మళ్ళీ మూసినా వెంటనే వెలగలేదు. గొట్టం వెనక్కి లాగి చూస్తే ఎర్రవైరు పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. అతికాను. నా కుట్టు కంటే నీటుగా వచ్చింది. తాళం తిప్పితే నాలుగూ టక్కున పడ్డాయి. టాక్సీ డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

నువ్వు చెప్పినట్టే తలుపు సగమే తెరుస్తున్నాను. కష్టమేమీ లేదు. ఇంక నువ్వు రానక్కర్లేదు. పదవి కబురు ఎప్పుడు రాస్తావు?

నీ దర్జీ

ప్రియమైన దొంగగారికి,

మీ ఉత్తరం చదివి పొంగిపోయాను. ఇక్కడ అందరికీ చూపించాను. మళ్ళీ చదువుతుంటే "గోడకి తగిలేదాకా" దగ్గర ఆగిపోయాను.

ఆ షెడ్డు ఇరుకని పెళ్ళైనప్పటినుంచీ మీరు సగం తలుపులోంచే దూరేవారు. టాక్సీ డ్రైవరు ఇప్పటికీ అలాగే ఎక్కుతాడు. అందుకే ఆయన ఎక్కినప్పుడు తెగిన కొసలు విడిపోలేదు. మరి మీరెందుకు రంగు లేచేదాకా తెరుస్తున్నారు? పాత ఉత్తరం తీశాను. మంచం కిందికి దిగింది. మిషను తొక్కడం తగ్గింది. ఏమండీ, మీ మోకాలు వంగడం లేదు. నేను సెలవు పెడతానని దాచారు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పెద్దాయనకి సెలవు చీటీ ఇచ్చాను. "జాబితాలో పేరు కొట్టేస్తాను" అన్నాడు. "కొట్టండి. ఊళ్ళో ఉన్న కారులో తెగిన వైరుని ఇక్కడ కూర్చుని పట్టుకునే మనిషి ఇంకొకరు దొరికితే వాళ్ళకే ఇవ్వండి" అన్నాను. చీటీ మీద సంతకం పెట్టాడు. పేరు కొట్టాడో లేదో నేను చూడలేదు. నా పని నాకొచ్చు, ఆ కుర్చీ ఎక్కడికీ పోదు.

శనివారం బస్సుకి దిగుతాను. నాకోసం స్టాండుకి రాకండి. ఎముకల డాక్టరు దగ్గరికి కారు నేనే నడుపుతాను.

ఈలోగా ఆ సగం తలుపులోంచి దూరొద్దు. గోడకి తగిలేదాకా తెరిచి, కాలు చాపుకుని హాయిగా ఎక్కండి. రంగు లేస్తే లేవనీయండి, వైరు తెగితే తెగనీయండి. వాటి సంగతి నేను చూసుకుంటాను.

మీ కరెంటమ్మ